కళావికాసమను భావన: గుహాచిత్రముల నుండి తొలి నాగరికతల వరకు

వికాసము అను పదము మన విమర్శలో తరచుగా వినవచ్చు పదములలో నొకటి. నవలావికాసము, శతకవికాసము, నాటకవికాసము అని మన సిద్ధాంతవ్యాసములకు పేరులు పెట్టుచున్నాము. ఆ శీర్షిక క్రింద రచనలను కాలక్రమమున పేర్చి, మొదటిదానికంటె కడపటిది పరిణతమైనదని చూపి, వ్యాసమును ముగించుచున్నాము. ఈ పదములో నొక ఉపమానము దాగియున్నది. వికసించునది మొగ్గ. మొగ్గ పూవు కాదు. పూవు కావలసినది మాత్రమే. కావున దేనినైనను వికాసక్రమమున నిలిపిన క్షణముననే, మొదటనున్నది అసంపూర్ణమనియు, తరువాత రానున్నదానికి అది యొక సన్నాహము మాత్రమేననియు మనము తెలియకయే అంగీకరించినవార మగుచున్నాము.

ఈ యుపమానము ఎంతవరకు చెల్లునో పరీక్షించుటకు మిక్కిలి దీర్ఘమైన కాలపరిమితి కావలెను. సాహిత్యమున అట్టిది మనకు లేదు. ఏ భాషలోనైనను లిపిబద్ధమైన తొలి రచన వెలువడునాటికే దాని వెనుక తరతరముల నోటిమాట గడచియుండును. చిత్రశిల్పములకు మాత్రము అట్టి పరిమితి కలదు. మానవుడు రాతిపై గీసిన గీతలు, దంతమున చెక్కిన రూపములు వేలయేండ్లు నిలిచి మనకు దక్కినవి. గుహాచిత్రముల నుండి ఈజిప్టు, మెసొపొటేమియా, సింధునాగరికతల వరకు గల కళాచరిత్రను ముందుంచుకొని, వికాసమను మాట అచ్చట నిలుచునా, నిలువనిచో ఆ స్థానమున ఏ మాట యుంచవలెను అని విచారించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము. నాకు తోచినంతలో, ఈ సుదీర్ఘకాలమున మారినది కళాకారుని శక్తి కాదు. చిత్రమునకు గల నేల, కొలత, పేరు మారినవి. ఆ మార్పు వలన కొంత లాభమును, కొంత నష్టమును కలిగినవి. వికాసమను పదము లాభమును మాత్రమే లెక్కించి నష్టమును మరుగుపరచుచున్నది.

ఉత్తర స్పెయినులో అల్తమీరా అను గుహ కలదు. 1879లో మార్సెలీనో సాన్స్ దె సౌతువోలా అను భూస్వామి పూర్వమానవుల పనిముట్లకై ఆ గుహలో నేల త్రవ్వించుచుండెను. వెంటవచ్చిన యెనిమిదేండ్ల కుమార్తె మరియా తలయెత్తి గుహ కప్పు వంక చూచెను. అచ్చట జేగురుతోను బొగ్గుతోను వ్రాసిన బైసను అను అడవియెద్దులు గుంపుగా కానవచ్చినవి. కప్పురాతిలో సహజముగా నున్న ఉబ్బులను ఆధారము చేసికొని, ఆ యుబ్బే ఎద్దు మూపు, పక్క అగునట్లు చిత్రకారుడు రూపములను అమర్చెను. సౌతువోలా 1880లో ఒక చిన్న పుస్తకమును ప్రకటించి, ఇవి పాతరాతియుగపు మానవులు వ్రాసిన చిత్రములని చెప్పెను.

ఆనాటి పండితులు ఆ మాట నమ్మలేదు. ఫ్రాన్సు దేశపు పురాతత్త్వవేత్తలలో ప్రముఖుడైన ఎమీల్ కార్తయాక్ దానిని తిరస్కరించెను. సౌతువోలాయే ఎవరో చిత్రకారునిచే ఆ బొమ్మలను వ్రాయించెనను అపవాదు కూడ పుట్టినది. ఆయన 1888లో ఆ మచ్చతోనే మరణించెను. తరువాత ఫ్రాన్సులోనే లా మూత్ గుహలో 1895లోను, కొంబరెల్, ఫొన్ ద గోమ్ గుహలలో 1901లోను అట్టి చిత్రములు బయటపడినవి. 1902లో కార్తయాక్ ఒక వ్యాసము వ్రాసి తన పొరపాటును బహిరంగముగా ఒప్పుకొనెను. ఆ ఒప్పుకోలు పండితునకు గౌరవమునే తెచ్చినది. సౌతువోలాకు మాత్రము అది వినబడలేదు.

తిరస్కరించినవారు అజ్ఞులు కారు, దురుద్దేశము గలవారును కారు. రంగులు కొత్తగా నున్నవనియు, దీపపు మసి కానరాదనియు వారు చెప్పిన హేతువులు కొంతవరకు విచారింపదగినవే. కాని వాటికి మూలముగా నున్నది వేరొక హేతువు. రాతిపనిముట్లతో జీవించిన మనుష్యుడు ఇంతటి చిత్రమును వ్రాయజాలడని వారు ముందే నిశ్చయించుకొనియుండిరి. క్రమముగా మెట్లెక్కవలసిన కళ తొలిమెట్టుననే ఇట్లుండరాదు. చిత్రము సిద్ధాంతమునకు లొంగలేదు గనుక చిత్రమే కల్ల యనిరి. వికాసమను ఊహ ఇరువదియేండ్లకు పైగా కన్నుల యెదుటి వస్తువును కప్పివేసినది.

ఇట్టి దృష్టాంతము మన దేశముననే అంతకు ముందొకటి కలదు. ఆర్చిబాల్డ్ కార్లైల్ అను పురాతత్త్వోద్యోగి 1867–68లలో మీర్జాపూరు ప్రాంతమున సోహాగీఘాటు వద్ద కొండచరియల నీడలలో చిత్రములను చూచెను. అచ్చటనే దొరకిన సూక్ష్మశిలాపరికరములతో జతపరచి, అవి మిక్కిలి ప్రాచీనములని ఆయన భావించెను. అల్తమీరాకు పదియేండ్ల పూర్వమే చేసిన ఊహ యిది. ఆయన గమనికలు 1906లో విన్సెంట్ స్మిత్ ద్వారా వెలుగుచూచినవి. నలుబదియేండ్లపాటు ఆ మాటను అడిగినవారు లేకపోయిరి.

గుహాచిత్రముల ప్రాచీనత అంగీకరింపబడిన పిదప వికాసవాదము తొలగిపోయినదా అనగా, లేదు. అది గుహలోనికే ప్రవేశించినది. గుహాచిత్రములకు కాలనిర్ణయము చేయవలసిన ఆబే బ్రెయి, వాటిని సరళమైన రేఖలనుండి సంకీర్ణమైన వర్ణములవరకు సాగిన రెండు ఆవృత్తములుగా విభజించెను. 1965లో ఆంద్రే లెరువా గూరాన్ ఆ పద్ధతిని మార్చి నాలుగు శైలులను నిర్ణయించెను. ఆయన గుహనంతటిని ఒక రచనగా చదువవలెనని చెప్పినవాడు. ఏ మృగము ఏ మృగముతో కూడియున్నదో లెక్కించి చూపినవాడు. అందుకు మనము ఆయనకు ఋణపడియున్నాము. అయినను ఆయన శైలులు కూడ మెట్లే. మొదటిది మోటు, నాల్గవది పరిణతము. చిత్రము నైపుణ్యమును బట్టి దాని వయస్సును చెప్పవచ్చునను నమ్మిక వాని కాధారము.

1994 డిసెంబరు 18వ తేదీన దక్షిణ ఫ్రాన్సులో ఆర్దెష్ నదీలోయలో షోవే గుహ కనుగొనబడినది. అందలి చిత్రములను చూచినవారు మొదట వానిని పాతరాతియుగపు చివరిదశకు చెందినవిగా తలచుట సహజమే. సింహముల తలలు ఒకదాని వెనుక నొకటి వేటకు పొంచియున్నట్లు వ్రాయబడినవి. చిత్రకారుడు ముందుగా గోడను గీకి తెల్లని తలమును సిద్ధపరచుకొనెను. బొగ్గును వ్రేలితో అలికి బుగ్గకు, మెడకు నీడ కల్పించెను. ఆ బొగ్గునే పరీక్షించి చూడగా అందు ప్రాచీనతమములైన చిత్రముల వయస్సు సుమారు 36,000 సంవత్సరములని తేలినది. అనగా 1940లో కనుగొనబడిన సుప్రసిద్ధమైన లాస్కో చిత్రములకంటె ఇవి సుమారు పదునైదువేల యేండ్లు పాతవి. కొందరు ఈ కాలనిర్ణయమును శంకించిరి. ఆ శంకకు ముఖ్యహేతువులలో శైలి యొకటి. ఇంత ప్రౌఢమైన శైలి అంత ప్రాచీనము కారాదనిరి. 2016లో 250కి పైగా కాలపరీక్షల ఫలితములను కూర్చి ప్రకటించిన పరిశోధన ప్రాచీనతనే బలపరచినది. 1880నాటి వాదమే 1994 తరువాత మరల వినబడినదని గమనింపవలెను.

పశ్చిమ యూరపును విడిచి చూచినను మెట్ల వరుస కుదురుటలేదు. దక్షిణాఫ్రికాలోని బ్లోంబోస్ గుహలో సుమారు 73,000 సంవత్సరముల నాటి రాతిపెచ్చుపై జేగురుతో గీసిన అడ్డునిలువు గీతల అల్లిక 2018లో ప్రకటింపబడినది. ఇండొనీషియాలోని సులవేసి ద్వీపమున ఒక అడవిపందియు, దాని చుట్టు మనుష్యులను పోలిన మూడు చిన్నరూపములును గల చిత్రము కనీసము 51,200 సంవత్సరముల నాటిదని 2024లో ప్రకటించిరి. కథను చెప్పు చిత్రము కడపట రావలెనని మెట్లవాదము చెప్పును. ఇచ్చట అది మనకు తెలిసిన మిక్కిలి ప్రాచీనములైన చిత్రములలోనే కానవచ్చుచున్నది. రేఖాగణితరూపము ముందా, సహజరూపము ముందా అను పాతవివాదము కూడ దీనితో అర్థము కోల్పోయినది.

ఇచ్చట నొక ఆక్షేపణము రావచ్చును. తొలిమెట్లు కఱ్ఱపై, తోలుపై, ఇసుకపై ఉండి నశించియుండవచ్చును గదా అని. అట్లుండుట సంభవమే. మనుష్యుడు ఒక్కనాడే షోవే సింహములను వ్రాసెనని ఎవరును చెప్పరు. కాని నశించినదానిని ఆధారముగా చూపరాదు. నిలిచియున్న చిత్రములు మాత్రము ముప్పదివేల యేండ్లకు పైబడిన కాలమున ఒకదానికంటె ఒకటి మెట్టెక్కినట్లు చూపుటలేదు. అభ్యాసము ఒక మనుష్యుని జీవితమున నుండును. ఒక గుంపులో గురుశిష్యపరంపరగా నుండును. దానిని మానవజాతి బాల్యయౌవనములుగా పెంచి చెప్పుటయే దోషము.

మఱి మారిన దేమి? గుహలోని మృగమునకు కాళ్లక్రింద నేల లేదు. అల్తమీరా బైసను కప్పునుండి వ్రేలాడుచున్నది; లాస్కో ఎద్దు గుఱ్ఱమునకు అడ్డముగా సాగుచున్నది. చిన్నది దూరమున నున్నదనిగాని, పెద్దది ఘనమైనదనిగాని అర్థము లేదు. ఒక రూపముపై మరొకటి వ్రాయబడినది. ముందటిదానిని తుడిచివేయవలెనను తలంపు లేదు. చిత్రమునకు చట్రము లేదు; రాయియే చట్రము, రాయియే కొంత చిత్రము. దీపము కదలినపుడు కదలునది, ఆఱినపుడు లేనిది ఆ లోకము. అందు మనుష్యరూపము అరుదు. వ్రాసినదంతయు వేటకొరకైన మంత్రతంత్రమని చెప్పుదమన్నను పొసగదు. లాస్కోలో దొరకిన యెముకలలో అత్యధికభాగము రెయిన్ డీర్ అను హిమదేశపు దుప్పివి. గోడలపై మాత్రము ఆ దుప్పి ఒక్కటే కలదు. తినిన మృగము వేరు. వ్రాసిన మృగము వేరు.

తరువాతి దశలో మనుష్యుడు తానే గోడను కట్టెను. ఆగ్నేయ తుర్కియేలోని గోబెక్లి తెపె వద్ద క్రీ.పూ. 9500 ప్రాంతమున నిలిపిన రాతిస్తంభములు కొన్ని అయిదున్నర మీటర్ల యెత్తు కలవి. 1995 నుండి క్లౌస్ ష్మిట్ ఆధ్వర్యమున జరిగిన త్రవ్వకములలో అవి బయల్పడినవి. వాటిపై నక్కలు, పాములు, అడవిపందులు, పక్షులు చెక్కబడియున్నవి. కొన్ని స్తంభములకు చేతులును, మొలకట్టును కలవు; స్తంభమే మనిషి. వాటిని నిలిపినవారు ఇంకను వేటాడి, ఏరుకొని తినినవారు. వ్యవసాయము, గ్రామము, మిగులు ధాన్యము ఏర్పడినపిదపనే మహాశిల్పము పుట్టునను సూత్రము దీనితో తలక్రిందైనది.

అదే దేశమున క్రీ.పూ. ఎనిమిదవ సహస్రాబ్దిలో మొదలైన చతల్ హ్యుయుక్ అను గ్రామమును జేమ్స్ మెల్లార్ట్ 1961–65 మధ్య త్రవ్వించెను. అచ్చటి యిండ్ల గోడలకు తెల్లమట్టి పూత పూసి దానిపై చిత్రము వ్రాసిరి. కొన్నాళ్లకు మరల పూత పూసి చిత్రమును కప్పివేసిరి. ఆ చిత్రములలో నొక మహావృషభము చుట్టు చిన్నచిన్న మనుష్యులు ఎగురుచు, పరుగిడుచు నున్నారు. మన భీమ్‌బేట్కాలో 1957లో విష్ణు శ్రీధర్ వాకణ్కర్ గుర్తించిన శిలాశ్రయముల యందును మనుష్యుల గుంపులు వేటాడుచు, ఆడుచు కానవచ్చును. ఈ చిత్రములలో ముఖ్యమైన క్రొత్తదనము నైపుణ్యము కాదు, గుంపు. మృగమును చూచినవాడు చిత్రములోనికి వచ్చెను.

ఈ సందర్భమున ఆర్నోల్డ్ హౌజర్ సిద్ధాంతమును స్మరింపవలెను. 1951లో వెలువడిన తన కళాసామాజిక చరిత్రలో ఆయన, వేటగాని కళ సహజరూపానుకరణమనియు, కృషీవలుని కళ రేఖాగణితమనియు చెప్పి, ఆర్థికజీవనమునకును శైలికిని సంబంధము కల్పించెను. కళను సమాజమునుండి విడదీయరాదను ఆయన మాట నేటికిని గ్రాహ్యమే. కాని చతల్ హ్యుయుక్ కృషీవలులు వేటను సజీవముగా వ్రాసిరి. బ్లోంబోస్ వేటగాండ్రు గళ్లగీతలు గీసిరి. చతల్ హ్యుయుక్ ఆయన వ్రాయునాటికి త్రవ్వబడలేదు గనుక దోషము ఆయనది కాదు. ఆ సూత్రమును ఈనాడును అట్లే వల్లించువారిది.

తొలి నాగరికతలలోనికి వచ్చుసరికి మార్పు స్పష్టమగును. ఇరాకులోని ఉరుకు నగరమున దొరకిన అలబాస్టరు పాత్ర ఒక మీటరుకు మించిన యెత్తు కలది, క్రీ.పూ. 3200–3000 ప్రాంతపుది. దాని చుట్టు చిత్రములు వరుసలు వరుసలుగా చెక్కబడినవి. అన్నిటికి క్రింద నీరు, దానిపై పైరు, దానిపై గొఱ్ఱెలు, ఆపై బుట్టలు మోయుచు ఒకే దిక్కుగా నడచు దిగంబరులైన మనుష్యులు, పై వరుసలో ఇనన్నాదేవి చిహ్నములైన రెల్లుకట్టల యెదుట నిలిచిన స్త్రీ. వరుసయే ఇచ్చట అర్థము. ఎవరు ఎవరిని మోయుచున్నారో, ఎవరి కెవరు అర్పింపవలెనో పాత్ర చెప్పుచున్నది. ప్రతివానికి కాలిక్రింద నేలగీత వచ్చినది. అతడు ఆ గీతను దాటి పైకి పోజాలడు. 2003 ఏప్రిలులో బాగ్దాదు వస్తుసంగ్రహాలయము దోపిడికి గురియైనపుడు ఈ పాత్రను పాదమునుండి విరుగగొట్టి తీసికొనిపోయిరి. జూనులో అది ముక్కలుగా తిరిగి వచ్చినది.

ఈజిప్టులో హియెరకొంపొలిస్ వద్ద 1898లో దొరకిన నర్మెరు పలక క్రీ.పూ. 3100 ప్రాంతపుది, సుమారు 64 సెంటీమీటర్ల యెత్తు. కంటి కాటుక నూరుకొనునట్టి పలక ఆకారమున నున్నను అది నిత్యోపయోగమునకై చేసినది కాదు. దానిపై రాజు శత్రువు జుట్టు పట్టుకొని గద యెత్తియున్నాడు. రాజు పెద్దవాడు, ఆయన వెనుక చెప్పులు మోయు సేవకుడు చిన్నవాడు, శత్రువులు కాళ్లక్రింది వరుసలో పడియున్నారు. దూరమును బట్టి కాక పదవిని బట్టి రూపమునకు కొలత ఏర్పడినది. పైభాగమున చేప, ఉలి గుర్తులు కలవు. చేపకు నర్, ఉలికి మెర్ అని పలుకు. కలిపి చదివిన రాజు పేరు. ఇచ్చట చేప చేప కాదు, శబ్దము. గుహాకాలపు మృగము ఎవరి పేరును చెప్పలేదు. ఈ చేప చెప్పుచున్నది.

భాషాధ్యయనము చేయువారికి ఈ ఘట్టము ప్రత్యేకముగా ఆసక్తికరము. మన తెలుగున వ్రాయు అను ధాతువునకు అక్షరమును లిఖించుట, బొమ్మను చిత్రించుట అను రెండర్థములును కలవు. బొమ్మ వ్రాసినాడని నేటికిని అందుము. దాని జ్ఞాతిపదములైన తమిళపు వరై, కన్నడపు బరె అనువానికిని ఆ రెండర్థములు కలవు. సంస్కృతమున లిఖ్ ధాతువునకు గీకుట మొదటి యర్థము. వ్రాత, చిత్రలేఖనము ఆ పిదపవి. గ్రీకున గ్రాఫేన్ అట్టిదే. ప్రాచీన ఈజిప్టు భాషలోను లేఖకుని పేరు, చిత్రకారుని పేరు ఒకే మాటనుండి వచ్చినవి. చిత్రకారుడనగా రూపరేఖల లేఖకుడు. ఇన్ని భాషలు ఒక పనిగా తలచినదానిని మన శాస్త్రవిభాగములు రెండుగా చేసినవి. లిపి పుట్టుకను భాషాశాస్త్రమునకు, చిత్రపు పుట్టుకను కళాచరిత్రకు పంచి యిచ్చి, నర్మెరు పలకవంటి వస్తువును సగము సగముగా చదువుచున్నాము.

నేలగీత, పదవిని బట్టిన కొలత, పేరు అను ఈ మూడును వచ్చిన తరువాత చిత్రమునకు నియమము వచ్చినది. ఈజిప్టు చిత్రకారులు గోడపై గళ్లు గీసి, నిలిచిన మనుష్యుని అరికాలినుండి నుదుటిపై జుట్టు మొదలు వరకు పదునెనిమిది గళ్లుగా లెక్కించిరి. ఒక తరమువారు నేర్చినది మరొక తరమువారికి చెడకుండ అందినది. పదివేల యేండ్లుగా ఈజిప్టు కళ మారలేదని ప్లేటో తన ధర్మశాస్త్రగ్రంథమున మెచ్చుకొనెను. ఆ లెక్క అతిశయోక్తియే. కాని నాగరికత పరాకాష్ఠను చూచినవాడు కళలో మెచ్చినది వికాసము కాదు, స్థైర్యము. మన వికాసవాదులు ఈ మాటను ఆలోచింపవలెను.

లాభనష్టములను లెక్కింతము. కథను చెప్పుట, జ్ఞాపకమును నిలుపుట, ఎవరు ఎవరో గుర్తించుట లాభము. ఒక సమాజము తన వ్యవస్థను తానే చూచుకొనగలిగినది. నష్టము నేలలేని స్వేచ్ఛ. రాతి ఉబ్బును చూచి అందుండి ఎద్దును పిలిచిన చూపు, పదునెనిమిది గళ్లలో ఇముడలేదు. మృగము ముఖ్యపాత్రగా నున్నచోట అర్పణగా మారినది. గుంపుగా నున్న మనుష్యులు సేవకులుగా మారిరి. దీనిని పూవు విచ్చుటతో పోల్చుటకంటె ఒక యిల్లు విడిచి మరొక యింటికి పోవుటతో పోల్చుట న్యాయము. క్రొత్తయింట వసతులు హెచ్చు. పాతయింటి పెరడు లేదు.

సాధనవిషయమున వృద్ధి లేదని నేను చెప్పుటలేదు. లోహమును కరగించుట, మట్టిని కాల్చుట, రాతిని నునుపుచేయుట తరతరములకు పెరిగిన విద్యలు. మొహెంజొదారోలో 1926లో దొరకిన పదిన్నర సెంటీమీటర్ల కంచుబొమ్మ మైనపు అచ్చు పద్ధతిని ఎఱుగనివాడు చేయజాలడు. నడుముపై చేయి ఆనించి, గడ్డమెత్తి నిలిచిన ఆ బాలిక వెనుక కొలిమిపని వారి అనుభవ మెంతయో యున్నది. కాని ఆ నిలుకడలోని ధీమాను కొలిమి ఇయ్యలేదు. సాధనము పెరుగును, చూపు పెరుగుట అను మాటకు అర్థము చెప్పుట కష్టము.

సింధునాగరికత వికాసవాదమునకు మరొక చిక్కు. విశాలమైన నగరములు, తూనికలు, కొలతలు, లిపి అన్నియు అచ్చట నున్నవి. అయినను శత్రువును కొట్టు రాజును చూపు నర్మెరు పలకవంటి విజయచిత్రము నేటివరకు లభింపలేదు. బలపపురాతిపై చెక్కిన రెండు మూడు సెంటీమీటర్ల ముద్రలలో ఒంటిగా నిలిచిన ఎద్దు, దాని మీద చదువరాని కొన్ని గుర్తులు. నగరము పుట్టినచోట నెల్ల రాజును పెద్దగా చెక్కవలెనను నియమము లేదని ఇది చెప్పుచున్నది. కాని మనము చేసినదేమి? గడ్డము గల రాతిబొమ్మకు పూజారిరాజు అని, కంచుబాలికకు నర్తకి అని పేరులు పెట్టితిమి. ఆ పేరులు త్రవ్వినవారు పెట్టినవి, చెక్కినవారివి కావు. మెసొపొటేమియా మెట్టును మొహెంజొదారోకు తెచ్చి అమర్చు ప్రయత్నమే వాటిలో నున్నది.

ఇక మన నేలకు వత్తము. పూర్వపు మహబూబునగరు జిల్లాలోని ఉట్నూరు వద్ద బూడిదదిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ త్రవ్వించెను. నవీనశిలాయుగపు పశుపాలకులు కంచెవేసి మందలను కట్టిన తావది. పేడ పేరుకొని, మరల మరల కాలి దిబ్బయైనది. పశువుల గిట్టల గుర్తులు కూడ అచ్చట నిలిచియున్నవి. అట్టి జీవనమే గడపినవారు బళ్లారి సమీపమున కుప్పగల్లు కొండ నల్లరాళ్లపై పొడవైన కొమ్ములుగల పశువులను రాతితో కొట్టి చిత్రించిరి. 1892లోనే ఫాసెట్ వాటిని గూర్చి వ్రాసెను. అక్కడ కొన్ని రాళ్లను కొట్టిన గంటవలె మ్రోగును. ఆ చిత్రములు కంటికి మాత్రమే కాక చెవికి కూడ చేసినవేమో యని పరిశోధకులు తలచుచున్నారు. 2004లో ఆ స్థలమును గూర్చి ప్రకటించిన పరిశోధనయే, రాతిత్రవ్వకము వలన దానికి గల ప్రమాదమును హెచ్చరించినది.

కళాచరిత్రగ్రంథములలో ఈ రాతిపశువులకు స్థానము చిన్నది. అల్తమీరా మనది కాదు, అమరావతి మనది. ఈ రెంటి నడుమ ఇవి మోటుగీతలుగా తోచును. మోటు అని తలచినదానిని కాపాడవలెనని ఎవరికిని తోచదు. కంకరకై బండను పగులగొట్టువానికి ఆ తలంపును ఇచ్చినది మనమే. సిద్ధాంతదోషము గ్రంథములలో నిలిచిపోదు. అది కొండమీదికి పోవును.

మన సాహిత్యచరిత్రలోను ఇట్టి పాఠమే యున్నది. నన్నయకు పూర్వము తెలుగు కవిత లేదనియో, ఉన్నను అది శైశవదశలోని దనియో తలచిన కాలమున్నది. సుమారు క్రీ.శ. 848 నాటి పండరంగుని అద్దంకి శాసనములోని తరువోజ ఆ తలంపును కదలించినది. రెండు శతాబ్దుల పూర్వమే దేశిచ్ఛందస్సు రాతిమీద అంత నిండుగా నడచినదని తెలిసినపుడు, ప్రాఙ్నన్నయయుగమను పేరు క్రింద మనము దానిని చేర్చుకొంటిమి. ఆ పేరును గమనింపుడు. దానికి తన పేరు లేదు. తరువాతివాని పేరుతో, ముందు అను ఉపసర్గతో అది పిలువబడుచున్నది. చరిత్రపూర్వకళ అను పేరు కూడ అట్టిదే. ముప్పది నలుబదివేల యేండ్లు జీవించిన కళను, అయిదువేల యేండ్ల వ్రాతకు ముందున్నదిగా మాత్రమే ఎఱుగుదుము.

జానపదగేయమును కావ్యమునకు మొగ్గగాను, యక్షగానమును నాటకమునకు మొగ్గగాను చూపు వ్యాసములు మన విభాగములలో ఇంకను వెలువడుచున్నవి. అట్టి వ్యాసమున గేయము ఎప్పుడును తన గుణముచేత తూచబడదు; తనలో లేని గుణముచేత తూచబడును. కాలక్రమమును విడువుమని నేను అనుటలేదు. కాలక్రమము లేక చరిత్ర లేదు. కాలక్రమమును గుణక్రమముగా చదువరాదని మాత్రమే నా మనవి. పరిశోధకుడు ఏ రచననైనను, ఏ చిత్రమునైనను ముందుంచుకొన్నపుడు, ఇది ఎంతవరకు ఎదిగినదని కాక, ఇది ఎవరికొరకు, ఏ తావున, ఏ పనికై చేయబడినది, దీనిలో నిలుపబడినదేమి, విడువబడినదేమి యని అడుగవలెను. వికాసమను శీర్షికకు బదులు పరిణామమనియో, రూపాంతరమనియో అన్నచో ఈ ప్రశ్నలకు తావు కలుగును.

అల్తమీరాలో తండ్రి చూపు నేలమీద నుండెను. కుమార్తె పైకి చూచెను. ఆ తండ్రి గొప్పతనమేమనగా, పిల్ల చూపినదానిని తన శాస్త్రము ఒప్పుకొనదని త్రోసివేయలేదు. శాస్త్రమును మార్చుకొనుటకు సిద్ధపడెను. అందుకు మూల్యమును చెల్లించెను. పరిశోధనవృత్తిలో నున్న మనకు ఆ గుణము ఆవశ్యకము.